రెండో నోరు గారు

ఆయన ఏ మాటనీ ఒక్క నోటి మీద నమ్మరు. ఆయనకున్న జబ్బు ఇదొక్కటే. మిగతా విషయాల్లో బంగారం లాంటి మనిషి. వేళకి తింటారు, వేళకి పడుకుంటారు, ఎవరి జోలికీ పోరు. కానీ మీరు వెళ్ళి "సార్, మీ చొక్కాకి సిరా అంటింది" అన్నారనుకోండి, ఆయన చొక్కా వంక చూసుకోరు. మీ వెనకాల ఇంకెవరైనా వస్తున్నారేమోనని చూస్తారు. "మీరు ఒక నోరు. రెండో నోరేదీ?" అంటారు. దాంతో అమ్మానాన్నా పెట్టిన పేరు మరుగున పడిపోయి, తెలిసినవాళ్ళందరికీ ఆయన రెండో నోరు గారైపోయారు.

ఉద్యోగం కూడా జబ్బుకి తగ్గదే దొరికింది. అంతర్జాతీయ భద్రత మీద పరిశోధన చేసే ఒక సంస్థలో లైబ్రేరియన్. ఏ దేశం ఏ దేశం మీద ఎప్పుడు కాలు దువ్వింది, ఏ ఒప్పందం ఎక్కడ చెడింది అని తవ్వుకునేవాళ్ళు వచ్చే చోటు అది. పై అంతస్తులో పొడుగాటి హాలు. బీరువాల నిండా ఒప్పందాల సంపుటాలు, పార్లమెంటు చర్చలు, పాత పత్రికల మైక్రోఫిల్ములు. కిటికీల పక్కన ఆన్‌లైన్‌లో వెతుక్కునేందుకు వరసగా కంప్యూటర్లు. గోడ మీద "నిశ్శబ్దం పాటించండి" అని బోర్డు. నోళ్ళు మూసుకోమని బోర్డు పెట్టి, వచ్చినవాళ్ళనల్లా రెండో నోరు అడిగే లైబ్రరీ లోకం మొత్తానికి అదొక్కటే అయ్యుంటుంది.

ఒక సాయంత్రం అటెండరు కిటికీ దగ్గర నిలబడి, "వాన మొదలైంది సార్, గొడుగు తీసుకెళ్ళండి" అన్నాడు.

"ఒక నోరు," అన్నారు ఈయన సంచీ సర్దుకుంటూ.

అంతలో తాళాలు తీసుకోవడానికి వాచ్‌మన్ పైకి వచ్చాడు. "వానట సార్, గొడుగు మర్చిపోకండి."

"నువ్వు చూశావా, ఎవరైనా చెప్పారా?"

వాచ్‌మన్ అబద్ధం ఆడలేని మనిషి. "ఇతనే ఫోన్ చేసి చెప్పాడు సార్. నేను లోపల గదిలో కూచునున్నాను, చూళ్ళేదు."

"అయితే అదీ ఇతని నోరే," అని గొడుగు అక్కడే వదిలేసి దిగారు. ఇల్లు చేరేసరికి తడిసి ముద్దయ్యారు. భార్య తలుపు తీసి, పైనుంచి కిందిదాకా చూసి, "వానా?" అంది. "ఆఁ, ఇప్పుడు ఖాయమైంది," అన్నారు గుమ్మంలో చొక్కా పిండుకుంటూ.

ఆ ఇల్లాలి ఓర్పుని మెచ్చుకోవాలి. ఒకరోజు వంట మధ్యలో గ్యాస్ అయిపోయింది. ఆ మాటే చెప్పింది.

"రెండో నోరు?" అన్నారు పేపరు వెనక నుంచి.

"నాకు దేవుడిచ్చింది ఒకటే నోరండీ. కావాలంటే పక్కింటావిడని అడగండి, ఆవిడా అంది అయిపోయిందని."

"ఆవిడకెవరు చెప్పారు?"

"నేనే."

"చూశావా. అది నీ నోరే, పక్కింటి గుమ్మంలోంచి వినిపించింది."

ఆవిడ పొయ్యి మీద సగం ఉడికిన కూర తెచ్చి ఆయన ముందు పెట్టింది. తిన్నారు పాపం. అప్పుడు నమ్మారు.

డాక్టర్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఒక డాక్టరు రక్తపోటు ఉందన్నాడు. రెండో డాక్టరు దగ్గరికి వెళ్తే, ఆయన మొదటి డాక్టరు రాసిన చీటీ చూసి అవునన్నాడు. చీటీ చూసి చెప్పిన మాట లెక్కలోకి రాదని, జేబులో చీటీ దాచుకుని మూడో డాక్టరు దగ్గరికి వెళ్ళారు. ఈ తిరుగుడుకి రక్తపోటు లేనివాడికైనా వస్తుంది.

అలాంటి ఇంటికి కోడలుగా వచ్చింది ఒక అమ్మాయి. రావడమే కాదు, పెళ్ళయిన కొత్తలోనే మామగారి సంస్థలోనే పరిశోధనకి చేరింది. ఇంట్లో "మామయ్యా", లైబ్రరీలో "సార్". ఒకసారి నోరు జారి లైబ్రరీలో "మామయ్యా" అని పిలిచింది. ఆయన వెనక్కి తిరిగి బీరువాల మధ్య ఎవరి మామయ్య నిలబడి ఉన్నాడోనని వెతికారు. "ఇక్కడ చుట్టరికాలు లేవండీ. మీ కార్డు చూపించండి," అన్నారు. అదే మనిషి ఆ పొద్దున్న ఆమె క్యారేజీ మూత బిగించి ఇచ్చి, "జాగ్రత్తమ్మా, కారుతుంది" అని చెప్పారు.

ఆమెకి నవ్వొచ్చేది, ఒళ్ళు మండేది, రెండూ ఒకేసారి. అయితే ఒకటి రెండు సార్లు మాత్రం ఆయన తీరు ఆమెకి అంతుపట్టలేదు. అటెండరు ఒకరోజు పరుగున వచ్చి, "మా పాప పాసైంది సార్," అన్నాడు. రెండో నోరు అడుగుతారని హాలంతా ఎదురుచూసింది. ఆయన లేచి వాడి చెయ్యి పట్టుకుని ఊపి, జేబులోంచి తన మంచి పెన్ను తీసి, "పాపకివ్వు," అన్నారు. ఇంకోసారి పక్కింటావిడ గోడ మీంచి, "మా వాడికి ఉద్యోగం వచ్చిందటండీ," అంటే, "చాలా సంతోషం," అన్నారు అంతే. ఆయనకి ఒంట్లో బాగాలేదేమోనని కోడలు అత్తగారితో అంది కూడా.

ఇక ఆమె థీసిస్ సంగతి. రెండు చిన్న దేశాలు, మధ్యలో ఒక నది. ఏళ్ళ తరబడి కొట్టుకుని, అలిసిపోయి, కాల్పులు మానేస్తామని ఒప్పందం రాసుకున్నాయి. ఆ ఒప్పందం ఏడాది తిరక్కుండానే మంటగలిసింది. ఎందుకు? మూడో అధ్యాయంలో ఆమె చెప్పిన జవాబు ఇది: నది రేవులో పడవలు నడిపేవాళ్ళు దొంగతనంగా ఆయుధాలు దాటించారు, అది బయటపడి మళ్ళీ కాల్పులు మొదలయ్యాయి. ఆ పడవవాళ్ళని అప్పుడే ఒడ్డు నుంచి వెళ్ళగొట్టారు. ఇప్పటికీ తిరిగి రానివ్వలేదు. డజను పుస్తకాలూ వ్యాసాలూ ఇదే మాట చెబుతున్నాయి. ఆమె గైడు, అంటే ప్రొఫెసర్ గారు, ఆ అధ్యాయం చదివి భుజం తట్టారు. నెలాఖరులోగా థీసిస్ ఇచ్చేస్తే అదే సంస్థలో లెక్చరర్ ఉద్యోగం ఖాయం అన్నారు.

ఆ సంతోషంలో భోజనాల దగ్గర మామగారికి చెప్పింది. చెప్పకుండా ఉండాల్సింది.

"పడవవాళ్ళే దాటించారా?" అన్నారాయన ముద్ద ఆపి.

"అవును మామయ్యా."

"రెండో నోరు?"

"రెండేమిటి, డజనున్నాయి."

"ఒడ్డున నిలబడి చూసినవాళ్ళెందరు?"

అత్తగారు, "పిల్లని అన్నం తిననివ్వండి," అంది. ఆయన ఊరుకున్నారు గాని, ఆమెకే ఆ అన్నం గొంతు దిగలేదు.

మర్నాడు లైబ్రరీలో కూర్చుని తీగ లాగడం మొదలుపెట్టింది. ఒక వ్యాసం కింద ఫుట్‌నోట్ చూస్తే ఒక పుస్తకం పేరుంది. పుస్తకం తీస్తే అది ఒక పరిశోధన సంస్థ నివేదికని చూపించింది. ఆ నివేదిక ఆన్‌లైన్‌లో ఉండాలి, కానీ లింకు నొక్కితే పేజీ లేదంది. పాత వెబ్‌సైట్లని భద్రపరిచే చోట వెతికితే ఆ పేజీ నకలు దొరికింది. అందులో ఒక పత్రిక పేరుంది. మైక్రోఫిల్ము తిప్పి తిప్పి కళ్ళు నీళ్ళు కారాక ఆ పత్రిక ముక్క దొరికింది. "సైనిక ప్రతినిధి తెలిపారు" అని ఉంది. ఎవరి సైన్యం? ఆ పడవవాళ్ళ మీద తుపాకులు గురిపెట్టిన సైన్యమే.

మిగతావీ ఇలాగే లాగింది. ఏది లాగినా అదే ప్రతినిధి దగ్గరికి చేరింది. ఒక నివేదిక అయితే ఒక వ్యాసాన్ని ఆధారంగా చూపిస్తే, ఆ వ్యాసం అంతకుముందు వచ్చిన అదే సంస్థ నివేదికని ఆధారంగా చూపిస్తోంది. ఇద్దరూ ఒకళ్ళ భుజం మీద ఒకళ్ళు చెయ్యేసుకుని నిలబడ్డారు, కింద నేల లేదు. ఆమెకి అత్తగారు చెప్పిన గ్యాసు కథ, అందులో పక్కింటి గుమ్మం గుర్తొచ్చాయి. డజను గుమ్మాల్లోంచి వినిపించిన నోరు ఒక్కటే.

నిజం చెప్పాలంటే ఆమెకి ఏడుపొచ్చింది. ఉద్యోగం చేతికందేలా ఉంది, నెలాఖరు దగ్గరికొచ్చేసింది. పైగా ఆ డజనులో ఒకటి స్వయానా ప్రొఫెసర్ గారి పుస్తకం. మామగారి బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"అందరూ రాశారు సార్. నేనూ రాస్తే తప్పేమిటి?"

"అందరూ రాశారు కనకనే అంటున్నానండీ. మీరు రాస్తే పదమూడో వారవుతారు. పధ్నాలుగోవాడు మీ పేరు చెప్పుకుంటాడు."

"మరిప్పుడు నన్నేం చెయ్యమంటారు?"

"ఆ నది మీద సైనికులకి కాకుండా ఇంకెవరికి పనుంటుందో ఆలోచించండి. వాళ్ళేమన్నారో వెతకండి," అని కిటికీ గడియలు చూసుకోవడానికి వెళ్ళిపోయారు. అంతకు మించి ఆయనకీ తెలియదు. ఆ దేశాల పేర్లు కూడా ఆయన ఒకదాని బదులు ఇంకోటి చెప్పేవారు.

వెతికింది. ఐక్యరాజ్యసమితికి రెండు దేశాలూ రాసుకున్న ఫిర్యాదులు చదివింది. తిట్లు తప్ప ఏమీ లేవు. రేడియో వార్తల అనువాదాలు చదివింది. అదే ప్రతినిధి, అదే మాట. చేపల శాఖవాళ్ళ ప్రచురణలు చూసింది. చేపల సంగతి తప్ప మనుషుల ఊసు లేదు. వెతికే పదాలు మార్చి మార్చి కొట్టింది. "ఆయుధాలు" అని కాకుండా "రేవు" అనీ, "పడవల మరమ్మతు" అనీ. చివరికి ఏదో దూరదేశపు లైబ్రరీ ఆన్‌లైన్‌లో పెట్టిన ఒక స్కాను దొరికింది. రెండు దేశాలకీ ఉమ్మడిగా నీళ్ళ లెక్కలు చూసే నదీ సంఘం వార్షిక నివేదిక. దాన్ని స్కాను చేసిన మహానుభావుడు అనుబంధాలన్నిటినీ తలకిందులుగా పెట్టాడు. ఆ కంగారులో తలకిందులైన పేజీని తిన్నగా తిప్పే మీట ఉంటుందన్న సంగతే ఆమెకి తోచలేదు. ఇంట్లో సోఫాలో కూర్చుని లాప్‌టాప్‌నే తిరగేసి పట్టుకుని చదువుతోంది.

అత్తగారు చూసి, "ఏమ్మా, తల దానికి తిరిగిందా, నీకు తిరిగిందా?" అంది.

"ఉండండత్తయ్యా," అంటూ ఆమె ఇంకా దగ్గరికి జరుపుకుంది. అక్కడ ఉంది. ఆ ఏడు నీటిమట్టం బాగా పడిపోవడం వల్ల, సరిగ్గా ఆయుధాలు దాటాయన్న నెలంతా రేవు మూసేశారు. పడవలన్నిటినీ ఒడ్డుకెక్కించి అడుగులకి తారు పూయించారు. ఒక్క పడవా నీళ్ళలో లేదు. లేని పడవల్లో ఆయుధాలెలా దాటతాయి?

లాప్‌టాప్ తలకిందులుగా పట్టుకునే వరండాలోకి పరిగెత్తింది. మామగారు బూట్లకి పాలిష్ పెట్టుకుంటున్నారు. బ్రష్ పక్కన పెట్టి, కళ్ళజోడు సర్దుకుని, మెడ వంచి చదివారు. మళ్ళీ చదివారు. ఇప్పుడేమంటారో ఆమెకి తెలుసు. ఇంటిల్లిపాదికీ తెలుసు.

"చాలమ్మా," అన్నారు. "వాళ్ళు చెయ్యలేదు. పాపం." మళ్ళీ బ్రష్ అందుకున్నారు.

"చాలా?"

"చాలు."

"రెండో నోరో?"

"దేనికీ?"

"దేనికేమిటి మామయ్యా? నదీ సంఘంవాళ్ళు తమ రేవు పడవవాళ్ళని వెనకేసుకొచ్చి అలా రాశారేమో. ఎవరు చూశారు?"

"ప్రతిదానికీ అనుమానం పెట్టుకుంటే ఎలాగమ్మా? ఒకళ్ళు చెప్పారుగా."

ఇన్నాళ్ళూ తన ప్రాణం తోడేసిన మనిషేనా ఈయన? వానని కూడా నమ్మని మనిషి, ఎవరో ముక్కూ మొహం తెలియని పడవవాళ్ళ కోసం తలకిందుల స్కాను ఒక్కటి చూసి తృప్తి పడిపోయారు. "మీకు చాలేమో, నాకు చాలదు," అని విసురుగా లోపలికి వెళ్ళి మళ్ళీ వెతుకులాటకి కూర్చుంది. చీకటి పడకముందే ఇంకోటి పట్టింది. యుద్ధంలో దెబ్బతిన్నవాళ్ళకి మందులు పంచిన ఒక సహాయ సంస్థ నివేదిక. "రేవు మూసి ఉన్నందున మా లారీలు వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్ళవలసి వచ్చింది" అని విసుక్కున్నారు అందులో. వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. స్వయంగా రేవుదాకా వెళ్ళి, వెనక్కి తిరిగారు. అది అసలు సిసలు రెండో నోరు.

రెండు నివేదికలూ పట్టుకుని ప్రొఫెసర్ గారి గదిలోకి వెళ్ళి, మూడో అధ్యాయం మార్చాలంది.

"ఇప్పుడా మార్చడం?" అన్నారాయన. "మూడో అధ్యాయమే కదమ్మా నీ థీసిస్‌కి వెన్నెముక."

"విరిగిపోయింది సార్."

నదీ సంఘం నివేదిక చూపించింది. ఆయన చదివి, కుర్చీలో వెనక్కి వాలి, "ఇదొక్కటే అయితే నేను ఒప్పుకోను. ఇంకో ఆధారం ఉందా?" అన్నారు. ఆమె రెండోది ముందు పెట్టింది. ఆయన అదీ చదివారు. తర్వాత నెమ్మదిగా, "ఆ డజనులో నా పుస్తకం కూడా ఉందా?" అని అడిగారు.

"ఉంది సార్."

"పేజీ నంబరు సరిగ్గా రాశావా?"

"రాశాను సార్."

"సరే, కనీసం అదైనా సరిగ్గా ఉండనీ," అని నవ్వేశారు. "అధ్యాయం తీసెయ్యకు. ఒక్క మాట డజను నోళ్ళెలా అయిందో అదే రాయి. గడువు సంగతి నేను మాట్లాడతాను."

ఆమె రాసింది. థీసిస్ నెగ్గింది, ఉద్యోగమూ వచ్చింది. ఆ పడవవాళ్ళకి వాళ్ళ ఒడ్డు ఎప్పుడు దొరుకుతుందో ఎవరూ చెప్పలేరు. అయితే ఇకమీదట వాళ్ళ మీద ఆ మాట రాయబోయేవాడికి ఈ థీసిస్ అడ్డం పడుతుంది. అది తలుచుకుంటే ఆమెకి ఉద్యోగం కన్నా ఎక్కువ సంతోషంగా ఉండేది.

ఉద్యోగం ఉత్తరువు వచ్చిన రోజు వంటింట్లో అత్తగారితో పాలిష్ బ్రష్ కథంతా చెప్పి నవ్వింది. "ఆ రోజు నాకు నిజంగా కోపం వచ్చిందత్తయ్యా. నింద వెయ్యడానికి రెండు నోళ్ళు కావాలట, పోగొట్టడానికి ఒకటి చాలట. ఇదెక్కడి పద్ధతి?"

అత్తగారు చెయ్యి తుడుచుకుని ఆమె వంక చూసింది. "ఆ పద్ధతి లేకపోతే నువ్వు ఈ వంటింట్లో ఉండేదానివి కాదు," అంది.

"అంటే?"

"మీ పెళ్ళి మాటలు నడుస్తున్నప్పుడు ఎవరో ఫోన్ చేశారు. అమ్మాయికి నోరెక్కువ, ఎవరితోనూ పొసగదు, ఇంతకుముందు కుదిరిన పెళ్ళి తనే చెడగొట్టుకుంది అని. తర్వాత ఇంకొకరు. ఆ తర్వాత మా చుట్టాలందరూ అదే మాట. నేనైతే వద్దనేశాను. ఏమీ అనుకోకు."

కోడలు చేతిలో గరిట అలాగే ఉండిపోయింది.

"ఈయన సెలవు పెట్టి ఇంటింటికీ తిరిగారు. 'మీకెవరు చెప్పారు, మీకెవరు చెప్పారు' అంటూ. చివరికి తేలిందేమిటంటే, తన కూతుర్ని మా వాడికి చేద్దామనుకున్న ఒకావిడ, ఆవిడొక్కత్తే. మిగతావాళ్ళంతా ఆవిడ నోరే."

"మరి నేను మంచిదాన్నని ఎవరు చెప్పారు?"

"మీ కాలేజీ లైబ్రేరియన్. 'పుస్తకాలు వేళకి తిరిగిచ్చే పిల్ల' అందట. అంతే, ఇంటికొచ్చి పెళ్ళి తేదీ చూడమన్నారు. ఒకవేళ నోరెక్కువే అయితేనో అన్నాను. 'మరీ మంచిది, మనింట్లో ఎప్పుడూ ఒక నోరు తక్కువే పడుతోంది' అన్నారు. నీకు చెప్పొద్దన్నారు. ఇన్నాళ్ళూ చెప్పలేదు."

కోడలికి కళ్ళు చెమ్మగిల్లాయి, నవ్వూ వచ్చింది. అటెండరు పాపా, పెన్నూ గుర్తొచ్చాయి. పక్కింటి అబ్బాయి ఉద్యోగం గుర్తొచ్చింది. ఆ రోజుల్లో ఆయనకి ఒంట్లో భేషుగ్గానే ఉందన్నమాట.

మర్నాడు లైబ్రరీకి వెళ్ళి ఆయన బల్ల ముందు నిలబడింది.

"మామయ్యా," అంది.

ఆయన తలెత్తారు. ఈసారి బీరువాల వైపు తిరగలేదు గాని, అటెండరు వింటున్నాడేమోనని చూశారు.

"పెళ్ళికి ముందు నా గురించి ఇంటింటికీ తిరిగి కనుక్కున్నారట. అత్తయ్య చెప్పింది."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. బల్ల మీద పుస్తకాలు అటువి ఇటు పెట్టారు. "ఆవిడొక్కత్తే చెప్తే నమ్మేశారా?" అన్నారు గొంతు సవరించుకుని. "రెండో నోరు ఉందా?"

"అక్కర్లేదు మామయ్యా. మంచి మాటేగా."

ఆయన కాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. తర్వాత చెయ్యి చాపి, "మీ కార్డు చూపించండి," అన్నారు.

ఆమె కొత్త లెక్చరర్ కార్డు తీసి చేతిలో పెట్టింది. ఆయన దాన్ని ముందూ వెనకా తిప్పి, రెండుసార్లు చదువుకుని, ఇంకా కాసేపు తన దగ్గరే ఉంచుకున్నారు.